ఆగదన్న మనిషి

“ఈ యుద్ధం ఇప్పట్లో ఆగదు. ఎవరూ షేర్లు అమ్మకండి,” అన్నాడు ఫల్గుణ మేష్టారు.

లక్ష్మణరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టి అతని వంక చూశాడు. బయట ముంచింగిపుట్టు సంత సద్దుమణుగుతోంది. సంత రోజు సాయంత్రం లక్ష్మణరావు కిరాణా కొట్టు వెనక గదిలో ఆ నలుగురూ కూర్చోవడం రెండేళ్ళుగా అలవాటు. రిటైరైన మేష్టారు, కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే భానుశ్రీ, సెల్‌ఫోన్ల కొట్టు బుజ్జిబాబు, లక్ష్మణరావు. ఎవరి డబ్బు వాళ్ళదే. కొనడం, అమ్మడం మాత్రం నలుగురూ మాట్లాడుకునే చేస్తారు.

ఎక్కడో రెండు దేశాలు కొట్టుకోవడం మొదలుపెట్టాక వాళ్ళు కొన్న ఆయిల్ కంపెనీ షేర్లు కొండెక్కాయి. శాంతి చర్చలని వార్త రాగానే నిన్న జారాయి. సోమవారం మార్కెట్ తెరిచేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

“నాకు భయంగా ఉంది మేస్టారూ,” అన్నాడు బుజ్జిబాబు. నర్సీపట్నంలో ఇల్లు కట్టుకుందామని దాచిందంతా అతను అందులోనే పెట్టాడు. “యుద్ధం ఆగిపోతే రేటు పడిపోద్ది కదండీ.”

“ఆగితే కదా. గొడవ ఎందుకొచ్చిందో ముందు సూడు. ఆ రెండు దేశాల మధ్యా జలసంధి ఉంది. ఓడలన్నీ దాంట్లోంచే పోవాల. అది ఎవరి సేతిలో ఉంటే ఆళ్ళదే రాజ్యం. ఇద్దరిలో ఎవడూ దాన్నొదల్డు.”

“గొడవ దాని గురించి కాదండీ,” అంది భానుశ్రీ. “ధరలు పెరిగి అక్కడి జనం రోడ్డెక్కారు. వాళ్ళ చూపు మళ్ళించడానికే పాలకులు ఈ యుద్ధం తెచ్చారు. ఇప్పుడు ఆ జనమే వద్దంటున్నారు. ఇంకెన్నాళ్ళు లాగుతారు?”

“జనం వద్దంటే ఆగిన యుద్ధం ఒకటి సెప్పమ్మా.”

లక్ష్మణరావు అందుకున్నాడు. “జనం మాటొదిలీండి. ఖజానా ఖాళీ అయిపోనాది. సరుకు లేనోడు ఎన్నాళ్ళని కొట్టు తెరుత్తాడు?”

“సరుకిచ్చే స్నేహితులున్నారు కదా ఆ దేశాలకి,” అన్నాడు మేష్టారు.

“ఆ స్నేహితులకే ఆయిల్ అందక మంటెక్కుతోంది. బేగి ఆపీమని ఆళ్ళే మీద కూకున్నారు.”

మేష్టారు ముందుకు వంగాడు. గొంతు కొంచెం పెరిగింది. “అలాగైతే మొన్న ఆ రేవు నగరం మీద బాంబులెందుకేసినారు? ఆపుదామనుకున్నోడు సేసే పనేటి అది?”

లక్ష్మణరావు మొహం ఎర్రబడింది.

“నెల్లాళ్ళుగా సూత్తన్నాను మేస్టారూ. ఎవరు ఆగుద్దన్నా మీరు ఒప్పుకోరు. మన షేర్లు పెరగాలని అక్కడ జనం సావాలేటి?”

మేష్టారి దవడ బిగుసుకుంది. “నా సంగతొద్దు. నేనన్నది తప్పని సూపించు.”

“నేను చూపిస్తాను,” అంది భానుశ్రీ. ఆమెకూ పట్టుదల వచ్చింది. “బేరానికి కూర్చోబోయే ముందు ఎవరైనా గట్టిగానే కొడతారు, పైచేయి కోసం. ఆ బాంబులు అందుకే. కానీ నిన్న రెండు వైపులా ఖైదీల్ని వదిలారు. ఆ జలసంధి దారిన పోయే ఓడలకి బీమా రేటు దిగింది. బీమా వాడు ఎవరి మీదా జాలితో రేటు దించడండీ. ప్రమాదం తగ్గిందని నమ్మితేనే దించుతాడు.”

“నువ్వు నమ్ముతున్నావా?”

“నమ్మాను కాబట్టే సోమవారం పొద్దున్నే అమ్మేస్తున్నాను.”

“అన్నీనా?”

“ఒక్కటి కూడా ఉంచను.”

మేష్టారు లక్ష్మణరావు వైపు తిరిగాడు. “నువ్వో?”

“నేనూ అమ్మేత్తాను.”

“బుజ్జిబాబూ?”

బుజ్జిబాబు మిగతా ఇద్దరి మొహాలూ చూశాడు. “నేనూ అంతేనండి.”

మేష్టారు వెనక్కి చేరగిలబడ్డాడు. చాలాసేపు నీళ్ళలో మునిగి పైకి తేలిన మనిషిలా గాలి పీల్చుకున్నాడు. “అయితే నేనే ఓడిపోయాను. అమ్మీండి.”

“మరి మీవి?” అంది భానుశ్రీ.

“నావి లేవమ్మా. యుద్ధం మొదలైన రోజే అమ్మీసినాను.”

బుజ్జిబాబు లేచిన విసురుకి స్టూలు పడిపోయింది. “మమ్మల్ని ఉంచుకోమని సెప్పి మీరు అమ్ముకున్నారా?”

మేష్టారు బల్ల మీది తువ్వాలు అందుకున్నాడు.

“ఇంతకాలం పెద్దవారని మీ మాట విన్నాం,” అన్నాడు లక్ష్మణరావు, గొంతు తగ్గించి. “వచ్చే సంతకి ఇటు రాకండి మేస్టారూ.”

మేష్టారు తలూపి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలు జీపు మీదికి ఎక్కిస్తున్న వాళ్ళు పలకరించినా ఆగలేదు. మామూలుగా మెల్లగా ఎక్కే మెరకదారి ఆరోజు గబగబా ఎక్కేశాడు.

భార్య సోములమ్మ ఆ పూట సంతకి రాలేదు. రాగులు పోసిన చేట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“ఏటన్నారు?” అంది అతను కనిపించగానే.

“ఆగిపోద్దన్నారు. ముగ్గురూ అదే మాట. ఖైదీల్ని వదిలీసినారట. ఓడల బీమా కూడా దిగిందట.”

“నీ మొహం సూసి జాలిపడి అన్లేదు కదా?”

“ఆళ్ళకి నేనేటీ సెప్పలేదు. సెప్తే ఓదారుస్తారు. ఓదార్పు మనకేటి సేసుకోడానికి? ఆగదు ఆగదని నేనెంత గొడవాడినా, డబ్బు పెట్టినోళ్ళు అమ్మీడానికే తయారైపోనారు. అదే నిజం.”

“కోపడ్డారేటి నీ మీద?”

“కోపడితే కోపడ్డారులే.”

సోములమ్మ కాసేపు అతని మొహంలోకి చూసింది. తర్వాత చేట చేతిలోకి తీసుకుని మెల్లగా చెరగసాగింది.

వాళ్ళ కూతురు హేమలత మొన్న బాంబులు పడిన ఆ రేవు నగరంలోనే నర్సు.