వాంతుల మాత్ర

మోహన్‌కృష్ణ దొంగతనానికి టై కట్టుకుని వెళ్తాడు.

టై కట్టి, పెద్ద నల్ల బ్యాగు పట్టుకుని జీపెక్కితే ఎవడైనా మెడికల్ రెప్ అనే అనుకుంటాడు. సార్ అని జరిగి చోటిస్తాడు. అదే బ్యాగు లుంగీ కట్టినవాడి చేతిలో ఉంటే నాలుగుచోట్ల ఆపి విప్పమంటారు. లోకం తీరే అంత.

అతను ఫార్మసీ డిప్లమో సగంలో మానేశాడు. మానేశాడన్నది ఇంట్లో చెప్పిన మాట. ల్యాబులో తూకం మిషను ఎత్తుకుపోతూ దొరికాడన్నది కాలేజీవాళ్ల మాట. దొరికేలోగా మందుల రకాలు మాత్రం బట్టీ పట్టాడు. నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు, బీపీ మాత్రలు, అలర్జీ మాత్రలు. అలర్జీవాటిలో కొత్తరకం తుమ్ములాపి ఊరుకుంటుంది. పాతరకం ఒకటుంది, అది వాంతులు కూడా ఆపుతుంది, పైగా మనిషిని పడుకోబెడుతుంది. పాఠం చెప్పిన మేడం ఆ నిద్రని సైడ్ ఎఫెక్ట్ అంది. మోహన్‌కృష్ణ దృష్టిలో అసలు పనే అది. మందు కడుపులో పడ్డాక ఏమవుతుందో చెప్పే పాఠం మొదలయ్యేసరికి అతను కాలేజీలో లేడు.

చింతపల్లి నుంచి నర్సీపట్నం దిగే జీపుల్లో వాంతులు చేసుకునేవాళ్లకి కొదవ లేదు. టై కట్టినాయన మాత్ర ఇస్తే కాదనేవాళ్లూ లేరు. మూడు సంతలుగా ఇస్తూనే ఉన్నాడు. వేసుకున్నవాళ్లు ఘాట్ రోడ్డు పొడవునా కళ్లు మూయరు. తీరా స్టాండులో జీపు ఆగాక తూలుతారు. కంపెనీవాళ్లు నాసిరకం సరుకు చేస్తున్నారని అతను తిట్టుకున్నాడు.

ఇక ఎక్కువ రోజులు ఆడే ఆట కాదిది. ఇప్పటికే రెండుసార్లు దొరికాడు. మూడోసారి దొరికితే జైల్లోనే ముసలోడివవుతావని ఎస్సై చెప్పి పంపించాడు. ఒక్క మంచి మూట చేతికొస్తే చాలు, విశాఖపట్నం పోయి ఏదో కొట్లో పనిచేసుకుందామనుకున్నాడు.

ఆ సంతరోజు డ్రైవరు సోంబరు అతన్ని వెనక సీట్లో ఒక ముసలమ్మ పక్కన ఇరికించాడు. ఆమె చిన్నమ్మలు. కొండ కింది పల్లం నుంచి ఎండుచేపలు తెచ్చి సంతలో అమ్ముకుని పోతుంది. ఖాళీ గంపలు జీపు మీదున్నాయి. ఒళ్లో పాతచీర ముక్కలో కట్టిన మూట ఉంది. దాన్ని రెండు చేతులతో పొదువుకుని కూర్చుంది.

అందులో ఏముందని అడిగితే, "నా పేణం నాయనా" అంది.

మోహన్‌కృష్ణకి ఆ మాట చాలు.

లంబసింగి దాటి ఘాట్ మొదలవగానే చిన్నమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను మాత్ర తీశాడు. ఎదురుగా కూర్చున్న టీచరమ్మకీ ఒకటి ఇవ్వబోతే, తను చింతపల్లి టీకొట్టు దగ్గరే వేసేసుకున్నానంది. చిన్నమ్మలు మాత్ర నోట్లో వేసుకుని, అతని సీసాలో నీళ్లు తాగి, చల్లగా ఉండమని దీవించింది.

మూడో మలుపు తిరిగేసరికి అతని భుజం మీద తల వాల్చి గురక పెట్టింది. ఇన్నాళ్లకి ఒక మంచి బ్యాచ్ మాత్రలు దొరికాయని అతను సంతోషపడ్డాడు. మెల్లగా మూట లాగి నల్ల బ్యాగులోకి తోసేశాడు.

ఘాట్ కింద చెక్‌పోస్టు గేటు దగ్గర పోలీసులు అందర్నీ దింపారు. గంపలు తిరగేశారు, బస్తాల్లోకి చువ్వలు పొడిచారు. టీచరమ్మ హ్యాండ్‌బ్యాగు కూడా విప్పించారు. చిన్నమ్మలు ఎంత తట్టినా లేవలేదు. ఆమె సీటు కిందా పక్కనా వెతికి, ఏమీ లేదని వదిలేశారు.

కానిస్టేబుల్ మోహన్‌కృష్ణ దగ్గరికొచ్చి టై చూశాడు. బ్యాగు ముట్టుకోలేదు. గ్యాసుకి ఏదైనా శాంపిల్ ఉంటే ఇమ్మని మొహమాటంగా అడిగాడు. మోహన్‌కృష్ణ పక్క అరలోంచి ఒక షీటు తీసిచ్చి, భోజనానికి ముందు వేసుకోమని చెప్పాడు. తనకి దగ్గర్లో పనుందని సోంబరుకి చెప్పి, తాపీగా నడుచుకుంటూ రోడ్డు పక్క జీడితోటలోకి వెళ్లిపోయాడు.

మూట విప్పాడు. గుప్పున వాసన కొట్టింది. బ్రౌన్ టేపు చుట్టిన గంజాయి పొట్లాలు, ఇటుకల్లాగా ఆరు.

దీన్ని చేత్తో పట్టుకుని, పోలీసుకి గ్యాస్ మాత్రలిచ్చి వచ్చాడు తను.

"బేగి ఇలాగిచ్చీ నాయనా."

వెనక చిన్నమ్మలు నిలబడి ఉంది. కళ్లల్లో నిద్ర జాడ లేదు. రోడ్డు మీద సోంబరు జీపు బానెట్ ఎత్తి, లోపల ఏదో చూస్తున్నట్టు వంగున్నాడు.

"నువ్వు పడుకున్నావు కదా" అన్నాడు మోహన్‌కృష్ణ.

ఆమె కొంగు ముడి విప్పి మాత్ర తీసి అతని అరచేతిలో పెట్టింది. ఒక అంచు కాస్త కరిగిందంతే.

"జీపెక్కడానికి అరగంట ముందు ఏసుకోవాల ఇది. ఏజెన్సీలో గుంటపిల్లలకీ తెలుసు. నాను మూడో మలుపుకే గురక పెట్టినాను. నువ్వు సదువుకున్నోడివి, డౌటు రానేదేటి?"

అతను గేటు వైపు చూశాడు. అక్కణ్నుంచి కానిస్టేబుల్ మర్యాదగా చెయ్యూపాడు. మోహన్‌కృష్ణ కూడా ఊపాడు. తర్వాత మూట కట్టి ఆమెకిచ్చేశాడు.

చిన్నమ్మలు దాన్ని చంకన పెట్టుకుని రెండడుగులు వేసి ఆగింది.

"వొచ్చే సంతకి మాత్రలు తేకు. ఆ టై ఒక్కటీ కట్టుకుని రా, నా పక్క సీటు ఈపాలి లాగే సోంబరే ఆపి ఉంచుతాడు."