వాగు ఇంకా తగ్గలేదు

“అక్కా, ఎట్లున్నది వాగు?” వాకిట్లోంచే అడిగింది పుష్పాబాయి.

“నడుముల్లోతు. ఇయ్యాల గూడ దాటేటట్టు లేదు,” అంది కనకమ్మ, చూపు తప్పించి.

పచ్చి అబద్ధం. వాగు తగ్గి అప్పుడే మూడు రోజులు. ఇప్పుడు చీలమండ కూడా మునగదు.

కోదాడ నుంచి అనంతగిరి వెళ్ళే దారిలో, ఊరికి ఎడంగా ఉంది కనకమ్మ కిరాణా కొట్టు. వెనక గదిలోనే కాపురం. మొగుడు పోయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. ఉప్పూ పప్పూ అడిగేవాళ్ళే తప్ప, తిన్నావా అని అడిగే మనిషి లేదు.

ఆ యేడు తొమ్మిది రోజులు తెరిపి లేకుండా కొట్టింది వాన. సూర్యాపేట బస్సు లేదు, మిర్యాలగూడ బస్సు లేదు. అవతలి తండా నుంచి ఉప్పు కోసం వచ్చిన పుష్పాబాయి, వాగు పొంగి ఇక్కడే చిక్కుకుపోయింది. ఆమెదీ ఒంటి బతుకే. మొదటి రోజంతా ‘నా మేక, నా మేక’ అని ఏడ్చింది. ఆ రాత్రి కనకమ్మ వసారాలో గోనెపట్టా వేసింది. మర్నాడు జల్లు కొడుతోందని లోపలికి పిలిచింది. నాలుగోనాటికి ఇద్దరూ ఒకే పొయ్యి ముందు కూర్చుని, పోయిన మొగుళ్ళను తిట్టుకుంటూ పడీపడీ నవ్వారు. ఆ గోడలు నవ్వు విని ఎన్నేళ్ళయిందో!

ఇక ఆమెను పంపడం కనకమ్మ వల్ల కాలేదు. వాగులు తగ్గాయన్న వార్త ఆమె చెవిన పడకుండా ట్రాన్సిస్టర్ బ్యాటరీలు తీసి పప్పు డబ్బాలో దాచేసింది.

“నాకు నీళ్ళంటేనే భయం. నువ్వే జూసి చెప్పక్కా,” అనేది పుష్పాబాయి. చెప్పింది చెప్పినట్టు నమ్మేది, పిచ్చిది. తెల్లారకముందే లేచి పుల్లలు ఏరుకొచ్చేది, ఎక్కడో పుంటికూర కూడా తెంపుకొచ్చేది. ఆ కూర తింటుంటే కనకమ్మకు ముద్ద దిగేది కాదు. ఇంత మంచిదాన్ని మోసం చేస్తున్నానే అనిపించేది.

ఆ పూట తండా పక్కనుండే లింగన్న బెల్లం కోసం వచ్చాడు. కనకమ్మ చప్పున వెనక్కి తిరిగి చూసింది. పుష్పాబాయి పెరట్లో రోలు దగ్గరుంది.

“లింగన్నా, నీకు దండం పెడత,” గొంతు తగ్గించింది కనకమ్మ. “వాగు తగ్గిందని పుష్పాబాయికి మాత్రం చెప్పకు.”

లింగన్న వింతగా చూశాడు.

“ఆమెకు నేను జెప్పేదేందమ్మా? మూడు దినాల సంది రోజూ పొద్దుగాల్నే వాగు దాటొచ్చి, మేకకు గడ్డేసి, ఇంటెనక పుంటికూర తెంపుకొని, మళ్ళ మీ ఇంటికే ఉరుకుతున్నది గదా!”