రెండున్నర మీటర్ల ఆనందం

చేతిలో ఫోన్ వణకగానే థెల్మా ఒక్క గంతు వేసింది. డిష్ వచ్చేసిందట. గంటలో వచ్చి బిగిస్తానని డిష్‌లు అమర్చే ఫెర్మీన్ కబురు పెట్టాడు.

డెస్మండ్ బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. వెనకనుంచి వెళ్ళి భుజం తట్టి ఫోన్ చూపించింది. అరవై ఎనిమిదేళ్ళ పెళ్ళికొడుకు నీళ్ళ డబ్బా వదిలేసి ఆమెను గిర్రున తిప్పాడు.

పెళ్ళయి నాలుగు నెలలు. ఇద్దరికీ రెండోసారే. షెఫీల్డ్‌లో ఉన్న తన ఇల్లు అమ్మేసి స్పెయిన్ తీరంలో ఈ పై అంతస్తు ఫ్లాట్ కొన్నది థెల్మాయే. వచ్చి మూడు వారాలు. పొద్దున్నే కిటికీ తీస్తే సముద్రం, కింద బేకరీ నుంచి వేడి రొట్టెల వాసన. ఆమెకు ఇక్కడ అన్నీ నచ్చాయి. డెస్మండ్ మాత్రం మొదటి వారంలోనే డీలా పడిపోయాడు.

"ఈ ఊళ్ళో మన మాట తెలిసినవాళ్ళం మనిద్దరమే. మనవాళ్ళ కార్యక్రమాలైనా చూడకపోతే నాకు పిచ్చెక్కుతుంది. నెలాఖరుకి అవి రాకపోతే ఇల్లు అమ్మేసి వెళ్ళిపోదాం థెల్మా."

అది ఉత్త బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. బ్రిటన్ ఛానెళ్ళ సిగ్నల్ ఇంత దూరం వచ్చేసరికి నీరసించిపోతుంది. దాన్ని పట్టాలంటే మనిషెత్తు దాటిన, రెండున్నర మీటర్ల డిష్ కావాలి.

ఫెర్మీన్ ఆ డిష్‌ను ముక్కలుగా మోసుకొచ్చి పైకప్పు మీద కూర్చాడు. కిందికి దిగి టీవీ పెట్టాడు. రిమోట్ మీద ఒక మీటను చాలాసేపు నొక్కి పట్టుకుని, మళ్ళీ పైకి వెళ్ళాడు. డెస్మండ్ తువ్వాలు పట్టుకుని బాల్కనీలో నిలబడ్డాడు, బొమ్మ రాగానే ఊపుదామని. థెల్మా తెర ముందు గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. నల్లటి తెర. ఇంకా నలుపే. ఉన్నట్టుండి లండన్ వార్తలు.

ఆమె చేయి ఎత్తింది. డెస్మండ్ ఇంకా తువ్వాలు ఊపనే లేదు. అప్పటికే ఫెర్మీన్ డిష్ కదపడం ఆపి మరలు బిగించేస్తున్నాడు. ఎంత చేయి తిరిగినవాడో అనుకుంది థెల్మా.

దిగి వచ్చిన ఫెర్మీన్ రిమోట్ కోసం చేయి చాపాడు. డెస్మండ్ ఇస్తేనా? గుండెకు హత్తుకున్నాడు. ఫెర్మీన్ నవ్వేసి, ఇంకో ఇంటికి వేళయినట్టు గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి టీవీ కట్టింది లేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ, గుమ్మం దీపం వెలిగి ఆరింది. వచ్చింది కింది అంతస్తు ఆవిడ, సెన్యోరా ఎంకార్నా. ఇంటి గౌనులో, జుట్టు ముడి వీడిపోయి ఉంది. థెల్మా భుజం మీదుగా టీవీని వేలెత్తి చూపిస్తూ ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. ఇంగ్లీషువాళ్ళకు స్పానిష్ ముక్క రాదని ఆ భవనంలో అందరికీ తెలిసిందే. అందుకే థెల్మా నవ్వి తల ఊపి, లోపలికి రమ్మని చేయి చూపడం ఆవిడకు కొత్తగా తోచలేదు. దండం పెట్టి వెళ్ళిపోయింది.

థెల్మా గిన్నెలు కడుగుతుంటే డెస్మండ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమంటుంది మహాతల్లి?"

ఆమె సబ్బు చేతులు తుడుచుకుని జవాబిచ్చింది. "మన టీవీ మీద మోజు పడినట్టుంది. ఈసారి వస్తే టీ ఇద్దాం."

మూడోరోజు అదే వేళకు ఎంకార్నా ఒంటరిగా రాలేదు. ఆ భవనం నివాసుల సంఘానికి పెద్ద అయిన అన్సెల్మో గారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ముఖం కందగడ్డలా ఉంది. పైకప్పు వైపు చూపించి, రెండు చేతులూ బారెడు చాపి, కత్తిరించినట్టు గాలిలో కోశాడు. థెల్మాకు అప్పుడు అర్థమైంది. డిష్. వీళ్ళకు డిష్ గిట్టడం లేదు.

నాలుగోరోజు తలుపు కింద నుంచి కాగితం జారింది. డెస్మండ్ ఫోన్‌లో అనువాదం చేసి చూశాడు. రేపు సాయంత్రం ఆరింటికి నివాసుల సమావేశం. అంశం ఒకటే: పై అంతస్తువారి డిష్ తొలగింపు. వరసగా సంతకాలు. ఒక్క ఇల్లూ తప్పలేదు.

డెస్మండ్ కుర్చీలో కూలబడ్డాడు. "పెట్టెలు దించనా?"

"ఆ మాట ఎత్తకు. ఈ ఇంటి కోసం నేను ఇల్లు అమ్ముకున్నాను."

"అంత పెద్దది వాళ్ళకి అసహ్యంగా ఉంటుంది మరి. మన బాధ వాళ్ళకెలా తెలుస్తుంది?"

థెల్మా అటూ ఇటూ నాలుగు అడుగులు వేసింది. అతని గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"రేపు పొద్దున్నే కేకు చేస్తాను, పదింటికి మన కార్యక్రమం మొదలవగానే కిటికీలూ తలుపులూ బార్లా తీసిపెట్టి అందరినీ పిలుద్దాం, మనకు అదెంత అవసరమో వాళ్ళే చూస్తారు," అని ఆమె వేళ్ళు సైగల భాషలో చకచకా చెబుతుంటే, పుట్టుకతోనే వినికిడి లేని ఆ ఇద్దరి వెనక, పైకప్పు మీదున్న తనకు వినబడాలని ఫెర్మీన్ పెంచి వదిలేసిన టీవీ నాలుగు రోజులుగా అదే హోరుతో భవనం గోడలన్నీ అదరగొడుతూనే ఉంది.