ఒక్క ముక్కకే పడిపోతారు

బర్గర్ షాపు ముందు నల్లరాజు పడిపోయాడు.

చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు.

కొట్టరూ మరి? నల్లరాజు పనే పడిపోవడం. చేతిలోని అట్ట బర్గర్‌ని కొరికినట్టు నటించి, గిర్రున తిరిగి, దబ్బున వెల్లకిలా పడాలి. నల్లరాజు అనేది కంపెనీ తెచ్చిన కొత్త బర్గర్. ఆ ఆకారంలోనే ఒక వేషం కుట్టించి, దానికి కళ్లూ మూతీ పెట్టి, అందులోకి ఒక మనిషిని దూర్చి గుమ్మం ముందు నిలబెట్టారు. ‘ఒక్క ముక్కకే పడిపోతారు’ అని ఊరంతా బోర్డులు కట్టారు. టీవీలో అదే, బస్సుల మీద అదే.

పడిపోయింది మాత్రం అమ్మకం.

రొట్టె నల్లగా ఉండటమే దాని గొప్పట. జనం దాన్ని చూసి, మాడిపోయిందా ఏంటని అడిగి, పక్కనున్నదేదో కొనుక్కుపోయారు. బొగ్గు బర్గర్ అని పేరు కూడా పెట్టేశారు.

అందరూ నవ్వారు గానీ మేనేజరుకు నవ్వు రాలేదు. ఒక్కటి కూడా పోని రోజంటూ వస్తే ఉద్యోగం ఊడినట్టేనని పైనుంచి కబురొచ్చింది. ఒక మధ్యాహ్నం గుమ్మం ముందే నిలబడి ఫోన్లో పై అధికారిని బతిమాలాడు. అమ్మాయిని ఈమధ్యే మంచి బళ్లో వేశానని, ఇప్పుడు తీసేస్తే రోడ్డున పడతామని చెప్పుకున్నాడు.

పక్కనున్న నల్లరాజు చెయ్యి ఊపడం మానేసి, అంత తలకాయా వంచి వింటున్నాడు.

"ఏంట్రా చూస్తావ్? చెయ్యూపు" అని కసిరాడు మేనేజరు.

నల్లరాజు ఊపాడు. వేషంలో ఉండగా మాట్లాడకూడదు, తలకాయ తియ్యకూడదు. మనిషిని పంపే ఏజెన్సీ నియమం అది. వేషం వేసుకునేదీ విప్పేదీ వాళ్ల వ్యానులోనే. లోపలున్నది ఎవరో మేనేజరుకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

ఆ సాయంత్రమే దేవుడల్లే వచ్చాడు ఒక పెద్దాయన.

చెమటకి జుట్టంతా తడిసిపోయి ఉంది. పాపం, ఎంత దూరం నుంచి నడిచొచ్చాడో అనుకున్నాడు మేనేజరు. ఆయన రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగి, నల్లరాజు ఒకటి ఇమ్మన్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆయన తప్ప ఇంకెవరూ దాన్ని అడగని రోజులే ఎక్కువ.

మేనేజరు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఎదురెళ్లి తలుపు తీసేవాడు. కిటికీ పక్క కుర్చీ తనే తుడిచేవాడు. తండ్రి పోయాక ఇంకెవరికీ అంత మర్యాద చెయ్యలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"అంత రుచిగా ఉంటుందా పెద్దాయనా?"

ఆయన నములుతూనే తల అడ్డంగా ఊపాడు.

"రుచిదేముంది బాబూ, అమ్ముడుపోవాలిగా."

హాస్యమనుకుని మేనేజరు పగలబడి నవ్వాడు.

ఇవాళ ఎండ నిప్పులు చెరుగుతోంది. పడిపోయిన నల్లరాజు లేవలేదు. పిల్లలు పక్కన కూర్చుని ఫొటోలు దిగారు. ఎవడో పొట్ట మీద దరువేశాడు.

కౌంటరు అమ్మాయి అద్దంలోంచి చూసి, ఇంకా లేవలేదు సార్ అంది.

"నిద్రపోతున్నాడు వెధవ. జనం చూస్తున్నారుగా, ఉండనీ."

అతని దిగులంతా వేరే. పొద్దున్నించీ ఒక్క నల్లరాజూ పోలేదు. పెద్దాయన వచ్చే వేళయిందని వేడివేడిగా ఒకటి చేయించి, కిటికీ పక్క బల్ల మీద తనే పెట్టాడు. రెండు గ్లాసుల నీళ్లు కూడా పెట్టాడు.

ఎండ వాలింది. బర్గర్ చల్లారింది. పెద్దాయన జాడ లేదు. ఏజెన్సీ వ్యానూ ఇంకా రాలేదు.

ఒంట్లో ఎలా ఉందో ఏమో, ఆయన ఇల్లెక్కడో కూడా అడగలేదే అనుకుంటూ మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మనసు నిజంగానే కీడు శంకించింది. ఆ చిరాకంతా నల్లరాజు మీదికి మళ్లింది. బయటికొచ్చి బూటుకాలితో పొడిచాడు.

"లేవరా! పెద్దాయన వచ్చే దారికి అడ్డంగా పడుకుంటావా?"

కదల్లేదు.

వొంగి, రెండు చేతులా పట్టి ఆ తలకాయ లాగేశాడు.

లోపల, చెమటకి జుట్టంతా తడిసి, ఊపిరి లేకుండా, పెద్దాయన ఉన్నాడు.