అడుగున ఎండుగడ్డి

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో వాడిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ ఒడ్డునే ఉండే పిచ్చుకమ్మకు అల్లిక రాదు గానీ గింజలు ఏరడంలో దిట్ట. అందుకని ఆమె గింజలు తెచ్చేట్టు, వాడు గూడు అల్లిపెట్టేట్టు మాట్లాడుకున్నారు. ఇందులో ఎవరి దయా లేదు, ఎవరి లాభం వాళ్లది.

గూడు పూర్తయింది. తెల్లారితే పిచ్చుకమ్మ గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఇంతలో ఆకాశం మబ్బు పట్టింది. గిజిగాడు గబగబా గూడు అడుగుభాగం పీకడం మొదలుపెట్టాడు.

"పిచ్చి పట్టిందా అల్లుడూ?" అన్నాడు పక్క కొమ్మ మీది కాకి మామ.

"తొందరలో అడుగున ఎండుగడ్డి వేశాను మామా. పచ్చిగడ్డి అయితేనే ముడి బిగుస్తుంది. ఇది గాలికి తెగిపోతుంది."

"పైకి కనిపించదుగా! గింజలు ఎలాగూ తినేశావు. ఆవిడకేం తెలుస్తుంది?"

"తెలియదు. కానీ ఇందులో పడుకునేవి నా పిల్లలైతే ఊరుకుంటానా?"

చినుకులు మొదలయ్యాయి. గిజిగాడు తడుస్తూనే పచ్చిగడ్డి చీల్చుకొచ్చి ముడి మీద ముడి వేశాడు. గాలి ఎంత ఊపినా గూడు చెక్కుచెదరలేదు.

కాకి మామ గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడూ, ఈసారి నా గూడు కూడా నువ్వే కట్టిపెట్టు. ఏం తెమ్మంటావో చెప్పు."