నాలుగు మాత్రల మనిషి

...అతనికి నాలుగు, నాకు రెండు. ఎందుకని? ప్రోస్టేట్‌లో పుట్టి ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ ఇద్దరిదీ ఒకటే. ఇంకా బజారుకు రాని ఈ కొత్త మందూ ఒకటే. నర్సు కళ్ళెదుట మింగే గురువారమూ ఒకటే. మరి అతని అరచేతిలో నాలుగెందుకు పడతాయి?

మాంటెవిడియో నగర వీధుల్లో ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన విల్మార్‌కి ఇంకో ఆలోచన రావడం లేదు. రెండు మాత్రలు ఎక్కువంటే రెండేళ్ళు ఎక్కువ. అలాగని ఎవరూ చెప్పలేదు. అతని తుంటి నొప్పి చెప్పింది.

"పెద్దవాళ్ళ సిఫార్సురా," అన్నాడు అతనిలాగే రెండు మింగే తబారే, మాతే ఆకు వేసిన సొరకాయ బుర్రలోకి వేడినీళ్ళు వంపుతూ. "ఆ చొక్కా చూశావుగా, ఇస్త్రీ నలిగేది కాదు."

బుర్ర ఒకటే, పీల్చే గొట్టం ఒకటే. పోయిన నెల అది అందరి నోళ్ళూ తిరిగి, కిటికీ పక్కన కూర్చునే ఆ నాలుగు మాత్రల లౌరెయిరో దాకా వెళ్ళేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. మాటైనా ఉండేది కాదు.

మూడో గురువారం విల్మార్ ఊరుకోలేదు. గొట్టాన్ని చొక్కాకి తుడిచి అతని మూతి ముందు పెట్టాడు.

"మా ఎంగిలి తమకు పనికిరాదా దొరగారూ?"

లౌరెయిరో పెదవులు బిగించి కిటికీ వైపు తిరిగాడు.

"నాలుగు మింగేవాడికి మనతో మాటలేంట్రా!" అన్నాడు తబారే.

అందరూ నవ్వారు.

ఆ తర్వాత అతను రాలేదు. వేరే గదిలో ఆరు మింగుతున్నాడేమో.

ఈ గురువారం నర్సు గ్రిసెల్డా విల్మార్ గిన్నెలో రెండు మాత్రలు వేసింది.

"నాకూ నాలుగివ్వు. లేకపోతే ఇవీ మింగను."

"నాలుగు ఆపేశారండీ."

"ఆ దొర కోసం దాచారా?"

"ఆయన సోమవారం పోయారు. జబ్బు ముదిరిపోయింది." ఆమె గొంతు తగ్గించింది. "పోయేముందు, మిమ్మల్ని నాలుగు అడగొద్దని చెప్పమన్నారు."

"నేను అడిగితే ఆయనకేం?"

"డాక్టర్లు మీ అందరికీ నాలుగే ఇద్దామనుకున్నారు. ఒళ్ళు తట్టుకుంటుందో లేదో ముందు ఒకరి మీద చూడాలి కదా. నా మీద చూడండి అన్నారాయన. రెండో వారానికే నోరంతా పుళ్ళు. నీళ్ళు తాగినా నెత్తురే. అందుకే మీకు రెండు దగ్గర ఆపారు."

తబారే చేతిలో బుర్ర ఆగిపోయింది.

విల్మార్ నాలుకతో తన నోరంతా మెల్లగా తడుముకున్నాడు. ఎక్కడా పుండు లేదు.

రెండు మాత్రలూ నోట్లో వేసుకుని మింగాడు.