అరచేయంత పువ్వు

"ఏమ్మా నవీనా, కొత్త పువ్వులేమన్నా గీసినావా?" అంటూ పట్టుచీరల అంగడి శ్రీకంఠయ్య వచ్చి కూర్చున్నాడు.

పోయినేడాది ఆమె గీసిన మందారాన్ని అడక్కుండానే చీరల మీద నేయించుకున్నాడు. నిలదీస్తే, "పువ్వులు దేవుడివమ్మా. నీవెట్లయితాయి?" అన్నాడు.

నవీన పుస్తకం తెరిచి ముందు పెట్టింది. సిరాతో గీసి నీటిరంగులు అద్దిన తెల్లపువ్వు, అరచేయంత; చుట్టూ చీలికల ఆకులు. కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళి, ఫోన్ కెమెరా చప్పుడు వినబడేదాకా చక్కెర కలుపుతూనే ఉంది.

పెళ్ళిళ్ళ నాటికి ఆ పువ్వు నేసిన చీరలు ధర్మవరంలో శ్రీకంఠయ్య అంగట్లో దిగాయి. నల్లమాడ నుంచి మనవరాలి పెళ్ళిచీరకని వచ్చిన ఒక అవ్వ, కొంగు మీది ఆకుల్ని చూసి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"థూ! ఇది మా శెనిక్కాయ చేన్లో పీకలేక చస్తాండే వయ్యారిభామ కలుపు కదప్పా! గింజంత పువ్వుని ఇంత జేసినారు. తాకితే ఒళ్ళంతా దురద. దీన్ని పెండ్లికూతురికి కట్టేదా?"

అంగట్లో ఆడవాళ్ళంతా పక్కున నవ్వారు.

సాయంత్రం శ్రీకంఠయ్య ఫోన్‌లో అరిచాడు. "కావాలనే గీసినావు గదా!"

నవీన బ్రష్షు కడుగుతూ అంది. "పువ్వులు దేవుడివి కదన్నా. నావెట్లయితాయి?"